ముఖం చూపని ఖాతా

“ఫోటో బాగుంది శ్రవణ్. ఎప్పటిది?”

శ్రవణ్‌కుమార్ తన సెల్‌ఫోన్ తెర వైపు చూసుకుని మురిసిపోయాడు. ఎల్బీనగర్‌లోని ఆ ప్రైవేటు బ్యాంకులో కరెంటు ఖాతాలు తెరిపించే ఉద్యోగం అతనిది. అప్పటిదాకా ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నవాడు, ఆ ఫోటో మాట ఎత్తగానే సర్దుకుని చెప్పడం మొదలుపెట్టాడు. అది మార్చి పదో తారీకు, మిలియన్ మార్చ్ నాటిదట. పోలీసులు దారులన్నీ మూసేస్తే గల్లీలు పట్టుకుని ట్యాంక్‌బండ్ చేరాడట. పొద్దున్నే ఇల్లు వదిలితే మళ్లీ రాత్రికి గానీ గడప తొక్కలేదట.

ఎదురుగా కూర్చున్న ప్రైవేటు డిటెక్టివ్ సుచిత్ర అంతా ఓపిగ్గా విన్నది. ఆ కథ నిజమేనని ఆమెకు తెలుసు. ఆ రోజు ఆమె కూడా చాదర్‌ఘాట్ దాకా నడిచి, అక్కడ బారికేడ్ దాటలేక వెనక్కి వచ్చింది. అతని మాట పూర్తయ్యాక సంచీలోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి అతని ముందు పెట్టింది.

“మరి గా రోజే మధ్యాహ్నం శ్రీరామమూర్తిని ఆయన దుకాణంల కలిసి మాట్లాడిన అని రాసి, కింద సంతకం పెట్టినవు. ట్యాంక్‌బండ్ మీద ఉన్నది నువ్వా, ఇంకెవరన్ననా?”

దొంగకు తేలు కుట్టినట్టయింది అతని పని. అరవడానికి లేదు, ఓర్చుకోవడానికీ లేదు.

ఈ సంతకం చిన్న విషయం కాదు. దీని మీద ఒక మనిషి బతుకు వేలాడుతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో భద్రావతీ భావనారుషి వస్త్రాలయం అంటే పోచంపల్లి చీరలు టోకున అమ్మే పాత దుకాణం. దాని యజమాని గుండయ్య. అందులో పద్దెనిమిదేళ్లుగా లెక్కలు రాస్తున్నది తెనాలి నుంచి వచ్చిన శ్రీరామమూర్తి. విజయవాడ నుంచి, బెంగుళూరు నుంచి వ్యాపారులు పంపే చెక్కులు దుకాణం పేరు మీదే వస్తాయి. ఆ పేరున్న ఖాతాలో తప్ప మరెక్కడా అవి మారవు. కాబట్టి ఎవడో పెద్దమనిషి తెలివిగా అదే పేరుతో, ఈ ప్రైవేటు బ్యాంకులో ఇంకో కరెంటు ఖాతా తెరిచాడు. ఏడు నెలలుగా చెక్కుల్లో కొన్ని దారి తప్పి ఇందులోకి వచ్చి పడ్డాయి. ఖాతాదారుగా కాగితాల మీద ఉన్నది శ్రీరామమూర్తి పేరు, శ్రీరామమూర్తి ఫోటో, శ్రీరామమూర్తి పాన్ కార్డు. నిన్న పొద్దున పోలీసులు ఆయన్ని తీసుకుపోయారు. కాగితాల్లో ఇవాళ అరెస్టు చూపించి, ఈ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడతారు. పెడితే ఇక చంచల్‌గూడ జైలే.

సకల జనుల సమ్మె మూడు వారాలు దాటింది. బస్సుల్లేవు, బళ్లు లేవు, ఆఫీసుల్లేవు. జనం కడుపు మండి ఉన్నారు. ఆ మంటలో ఈ వార్త పడింది: చేనేత కార్మికుల సొమ్ము ఆంధ్రా గుమస్తా తిన్నాడట. ఇంకేం కావాలి? నిన్నటి నుంచి ఠాణా ముందు ధర్నా. వనస్థలిపురంలో మూర్తి ఇంటి గోడ మీద రాత్రికి రాత్రి ఎవరో ‘దొంగ’ అని రాసిపోయారు. సుచిత్రకు దానికే ఒళ్లు మండిపోతోంది. అరవై ఏళ్ల గోసను అడ్డం పెట్టుకుని ఎవడో తన జేబు నింపుకున్నాడు. ఉద్యమానికి ఇంతకన్నా అవమానం ఉంటుందా?

“నీ ఉద్యోగం పోతదని నీకు భయం,” అన్నది ఆమె. “ఆయన బిడ్డ బిందుమాధవి నిన్న దోస్తుల ఇంటికి పోతే వాళ్లు మాట్లాడలేదంట. ఆ పిల్లకు ఏం చెప్పమంటవు? నీ నౌకరీ బరువా, ఆమె నాయిన ఇజ్జత్ బరువా?”

శ్రవణ్ తల దించుకుని నెమ్మదిగా బయటపెట్టాడు. మార్చి నెలంటే బ్యాంకులో లక్ష్యాల నెల. అప్పుడే సహాయ నిరాకరణ ముగిసింది, మునిసిపల్ ఆఫీసులో పనులింకా మొదలు కాలేదు. దుకాణం లైసెన్సు తర్వాత తెస్తామంటే సరేనన్నారు. దుకాణానికి పోయి యజమానిని కళ్లారా చూడాలన్న నియమం ఒక్కటి మిగిలింది. పదో తారీకున పోదామని ముందురోజే తారీకు వేసి రాసి పెట్టుకున్నాడు. తీరా ఆ రోజు మార్చ్‌కు పోయాడు. మర్నాడు పొద్దున దరఖాస్తులో ఉన్న చిరునామాకు పోయేసరికి షట్టర్ సగం ఎత్తి ఉంది. బోర్డు ఉంది, బీరువాలున్నాయి, దీపం వెలుగుతోంది, మనిషి లేడు. ఫోన్ చేస్తే ఎత్తాడు, పక్క వీధిలో పనిమీద ఉన్నానన్నాడు.

“ఏమన్నడో గట్లనే చెప్పు. ఒక్క మాట మార్చకు.”

“‘నేనే శ్రీరామమూర్తిని. జర పరేషాన్‌ల ఉన్న బిడ్డా, కాగితాలన్ని గల్లపెట్టె మీదున్నయ్, తీస్కపో’ అన్నడు మేడం.”

సుచిత్ర చేతిలోని పెన్ను ఆగిపోయింది. శ్రీరామమూర్తి పద్దెనిమిదేళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండి కూడా ‘ఎక్కడికండీ వెళ్తున్నారు’ అనే అంటాడు. ఆయన యాస మీద దుకాణంలో రోజూ పరాచికాలు నడుస్తాయి. ఆ మనిషి నోట ‘తీస్కపో’ అన్న మాట రావాలంటే మళ్లీ పుట్టి రావాలి.

“ఈ ముక్క పోలీసులకు చెప్పినవా?”

“వాళ్లు అడగలేదు. కలిసినవా అన్నరు, కలిసిన అన్న.”

ఆ తర్వాత ఖాతా ఎలా నడిచిందో కూడా అతను చెప్పాడు. వింటుంటే ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీరు బ్యాంకుకు రానక్కర్లేదు, బ్యాంకే మీ గుమ్మంలోకి వస్తుందని వీళ్ల ప్రకటన. చెక్కుబుక్కు, కార్డు కొరియర్‌లో షట్టర్‌కే వెళ్లాయి. చెక్కులు వేయడానికి బయట గోడకు డబ్బా. తీసుకోవడానికి ఎటిఎం. నిల్వ ఎంతుందో కనుక్కోవడానికి ఫోను, రహస్య నంబరు. ఏడు నెలల్లో ఆ ఖాతాదారు ముఖం ఈ బ్యాంకులో ఒక్కరూ చూడలేదు. చూడాల్సిన ఒక్కడు ట్యాంక్‌బండ్ మీద ఉన్నాడు.

చెప్పిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నది సుచిత్ర. శ్రవణ్ మేనేజర్ గది వైపు రెండుసార్లు చూసి, చివరికి రాశాడు. ఈసారి తారీకు సరిగ్గానే వేశాడు.

*

ఆ దొంగ దుకాణానికి షట్టర్ అద్దెకిచ్చిన అండాలమ్మ పై అంతస్తులోనే ఉంటుంది. మనిషి చింతకాయలా ఎండిపోయినా గొంతు మాత్రం గల్లీ చివరికి వినిపిస్తుంది. తాళం తీస్తూనే పోలీసులను తిట్టడం మొదలుపెట్టింది. కిరాయిదారు ముఖం తను చూడలేదని మొత్తుకున్నా, చూసినట్టు రాసుకుని వేలిముద్ర వేయించుకున్నారట. తాళంచెవి తీసుకుపోయింది బ్రోకరు. కిరాయి తెచ్చింది బ్రోకరు. ఆ బ్రోకరు సమ్మె మొదలవగానే ఊరెళ్లిపోయాడు.

“ఒక్కసారి కూడ చూడలేదా అవ్వా?”

“ఒక్కపారి చూసిన బిడ్డా, పైకెంచి. తెల్లారకముందే వచ్చిండు, నెత్తికి తువ్వాల చుట్టుకున్నడు. కొబ్బరికాయ కొట్టిన సప్పుడైంది. గుమ్మడికాయ కట్టనీకె తాడు కావాల్నేమో అని నైలాన్ తాడు కిందికేసిన. అండ్లనే ఉన్నది చూడు, ముట్టలే.”

సుచిత్ర లోపలికి నడిచింది. గది నిండా దుమ్ము. రెండు బీరువాలు, రెండూ ఖాళీ. ఒక గల్లాపెట్టె, అది కూడా ఖాళీయే. వాడని నైలాన్ తాడు చుట్టచుట్టుకుని మూలన పడి ఉంది. వెనక్కి తిరిగి గుమ్మం పైకి చూసింది. లోపలి కొక్కేనికి బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. ఏడు నెలల్లో ఎండి ముడతలు పడింది గానీ కుళ్లలేదు. పసుపు రాసి బొట్లు పెట్టిన గుర్తులు ఇంకా ఉన్నాయి.

ఆమె అక్కడే నిలబడి చాలాసేపు చూసింది. ఈ దుకాణంలో ఒక్క జాకెట్టు ముక్క కూడా అమ్మలేదు. ఒక్క గిరాకీ గడప తొక్కలేదు. బ్యాంకువాడి కళ్లు కప్పడానికి ఒక్క పూట ఎత్తిన షట్టర్ ఇది. దొంగ వ్యాపారానికి దిష్టి తగులుతుందని గుమ్మడికాయ కట్టిన మహానుభావుడెవరు? బ్యాంకువాడు చూసేది బోర్డు, బీరువాలు. గుమ్మడికాయ కోసం ఏ బ్యాంకువాడూ తల ఎత్తడు. ఇది ఎవరికో చూపించడానికి కట్టింది కాదు. కట్టకుండా ఉండలేక కట్టింది. బోర్డు మీద నేతవాళ్ల కులదైవం భావనారుషి పేరుంది. నేతింట్లో పుట్టినవాడు ఆ పేరు గోడకెక్కించి, కొబ్బరికాయ కొట్టకుండా, దిష్టి తీయకుండా షట్టర్ ఎత్తలేడు. దొంగతనం చేయగలడు గానీ అది మాత్రం చేయలేడు.

ఆమె గల్లాపెట్టె లాక్కుని దానిమీదికెక్కి నిలబడింది. గుమ్మడికాయ చుట్టూ ఉన్నది తాడు కాదు. సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలు. ఒకదాని మీద ఒకటి బిర్రుగా చుట్టి, చివర మాత్రం ముడి వేయకుండా ఆఖరి చుట్టు కిందికి దోపి ఉంది. కొన లాగితే మొత్తం ఊడొస్తుంది.

సుచిత్ర ఆ కొనను వేలితో తడిమి చూసింది. పదిహేనేళ్లు వచ్చేదాకా పోచంపల్లిలో ఆమె చేసిన పని ఇదే. బడి నుంచి రాగానే అమ్మ పక్కన కూర్చుని నూలు కట్టలకు రబ్బరు పట్టీలు చుట్టేది. దాన్నే చిటికీ కట్టడమంటారు. కట్టిన చోట రంగు అంటదు, ఆ అంటని చోటే చీర మీద పువ్వవుతుంది. రంగు అద్దాక మళ్లీ విప్పాలి కాబట్టి ముడి వేయరు, దోపుతారు. ముడి వేస్తే పెద్దవాళ్లు చెయ్యి మీద కొట్టేవారు. చిటికీ కట్టి పెరిగిన చెయ్యి ఎక్కడ ఏం కట్టినా అలాగే కడుతుంది. పక్కన నైలాన్ తాడున్నా సరే, జేబులోని రబ్బరు పట్టీయే తీస్తుంది.

“దిగండి మేడమ్. పడితే ఆ కేసు కూడా నా నెత్తికే చుట్టుకుంటుంది.”

గుమ్మంలో సి.ఐ. జోగారావు నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, సమ్మె మొదలైనప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. పుట్టింది శ్రీకాకుళం వైపు. ఠాణా ముందు జనం అరుస్తున్న ప్రతి నినాదం తన గురించే అన్నట్టు వింటున్నాడు కొన్ని నెలలుగా. సుచిత్ర అంటే మొదటి నుంచీ పడదు. పెళ్లిసంబంధాల ఆరాలు తీసుకునే ఆడమనిషి పోలీసు పనిలో వేలు పెట్టడమేమిటని నిన్ననే ముఖం మీద అన్నాడు.

ఆమె దిగలేదు. అక్కడి నుంచే శ్రవణ్ రాసిచ్చిన కాగితం అందించింది. ఆయన చదివాడు. దవడ బిగుసుకుంది గానీ మాటలో తేడా రానివ్వలేదు. ఫోన్‌లో యాస ఎవడైనా మార్చి మాట్లాడొచ్చన్నాడు. ఎటిఎం కెమెరా సంగతి అడిగితే, అది రాళ్లదెబ్బకు పగిలి ఆరు నెలలైందన్నాడు. వేలిముద్రల మాట ఎత్తితే, ఆ విభాగంవాళ్లు సమ్మెలో ఉన్నారన్నాడు. అన్నిటికీ ఆయన దగ్గర జవాబుంది, ఒక్కదానికీ ఆధారం లేదు.

“ఈ కట్టు చూడుండ్రి సార్. ఇది చిటికీ కట్టు. మగ్గాల ఇంట్ల పుట్టినోళ్లే గిట్ల కడ్తరు. తెనాలి గుమస్తాకు ఇది జన్మల రాదు.”

జోగారావు పైకి చూసి నవ్వాడు. “గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత విన్నాను. గుమ్మడికాయను పట్టుకుని దొంగను పట్టడం మాత్రం ఇదే చూడ్డం. రేపు దీన్నే బోనెక్కించి సాక్ష్యం చెప్పిస్తారా?”

సుచిత్ర గల్లాపెట్టె మీంచి దిగింది. ఇక ఆమెకు ఓపిక లేదు.

“మీకు మూర్తిగారు దొంగ కాదని తెలుసు సార్. నిన్న పొద్దున్నే తెలుసు. మీరు ఆంధ్రా ఆయన, ఆయన ఆంధ్రా ఆయన. విడిచిపెడితే మనోణ్ని కాపాడుకున్నడు అంటరని మీకు భయం. గా భయానికి ఒక నిర్దోషిని బలిస్తున్నరు. బయట ఉన్న పిల్లలు న్యాయం అడుగుతున్నరు, బలి అడుగుతలేరు. వాళ్లకు నిజం చెప్పే ధైర్యం మీకు లేదు.”

జోగారావు ముఖం నల్లబడింది. ఒక్క క్షణం చెయ్యి లేస్తుందేమో అనిపించింది. లేవలేదు. ఆయన వెళ్లి గడప మీద కూర్చున్నాడు. ఎవరితోనో కాక తనతో తాను అన్నట్టు చెప్పుకొచ్చాడు. మూడు నెలల్లో ఇద్దరు అధికారులను ఇదే మాట మీద బదిలీ చేశారట. ఇంటికి రాత్రిళ్లు ఫోన్లు వస్తున్నాయట. తర్వాత తల ఎత్తాడు.

“సరే, మూర్తి కాదు. మరెవరు? కట్టు తెలిసినవాళ్లు పోచంపల్లిలో వేలమంది ఉంటారు.”

సుచిత్ర అప్పటికే అదే లెక్క వేస్తోంది. కట్టు తెలిసినవాళ్లు వేలమంది నిజమే. కానీ చెక్కులు చేతికందేవాళ్లు? ఫిర్యాదులో గుండయ్య స్వయంగా చెప్పిన మాటే ఉంది. వచ్చిన చెక్కును ముట్టుకునేది మేమిద్దరమే, నేనూ మూర్తిగారూ, మూడోవాడు లేడు. మూర్తి మెడకు ఉరి బిగించింది ఆ ఒక్క వాక్యమే. ఇద్దరిలో దొంగ ఒకడు. యజమాని తన సొమ్ము తానే దొంగిలించుకోడు కాబట్టి గుమస్తాయే దొంగ. పోలీసులు అలా అనుకున్నారు, జనం అలా అనుకున్నారు. ఆమె కూడా నిన్నటిదాకా ఆ ఇద్దరిలో రెండోవాడైన యజమాని వైపు కన్నెత్తి చూడలేదు. ఆ రెండోవాడు చిటికీ కట్టే ఇంట్లో పుట్టి, పాతికేళ్లు వచ్చేదాకా ఆ పనే చేసినవాడు.

ఇంతకూ అది ఒక్క గుండయ్య సొమ్మా? దుకాణంలో సగం చనిపోయిన అన్నది. ఆ సగం ఇప్పుడు వదిన లలితమ్మది. నిన్న సాయంత్రం పలకరించడానికి వెళితే ఆమె పొడిపొడిగా ఒక మాట చెప్పి ఊరుకుంది. శివరాత్రి నాడు లెక్కలు తేల్చి వాటా పంచమని అడిగిందట. మరిది సరేనన్నాడట గానీ, అప్పటి నుంచీ వ్యాపారం పడిపోయింది, చెక్కులు రావడం లేదు అంటున్నాడట. శివరాత్రి తర్వాత వారం రోజులకు ఈ ఖాతా పుట్టింది.

ఇంకొకటి కూడా ఆమెకు తట్టింది. విజయవాడ వ్యాపారి ఫోన్ చేసి, నా చెక్కు మారి నెలైంది, సరుకేదని అడిగితే, ఆ చెక్కు ఈ బ్యాంకులో మారిందని ఆరా తీసి పట్టుకున్నది శ్రీరామమూర్తే. పట్టుకుని నేరుగా యజమానికే చెప్పాడు. చెప్పిన మర్నాడే గుండయ్య ఫిర్యాదు చేశాడు. పేరు మాత్రం రాయలేదు. రాయనక్కర్లేదు, పేరు బ్యాంకులో సిద్ధంగా ఉంది. కంచే చేను మేసి, కాపలావాడి మీద కేసు పెట్టింది.

“నన్ను ఈ పనికి పెట్టింది కూడ ఆయనే సార్,” అన్నది సుచిత్ర. “ఎంత ఖర్చైనా మా మూర్తిగారిని బయటపడెయ్యి బిడ్డా అన్నడు. మా ఊరాయన, నాయిన దోస్తు. పెద్దనాయినా అని పిలుస్తా. పెళ్లిళ్ల ఆరాలు తీసే పిల్ల కదా, దీనికేం దొరుకుతదిలే అనుకున్నడు. ఊరంతా మాత్రం ఎంత మంచి షావుకారో అనాలె.”

జోగారావు లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో వెటకారం పోయింది. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

“ఏంది సార్?”

“గుండయ్య మధ్యాహ్నం నుంచి స్టేషన్లోనే ఉన్నాడు,” అన్నాడాయన. “మూర్తితో ఒంటరిగా మాట్లాడి నచ్చజెబుతానన్నాడు. నేనే గది ఇచ్చాను.”

*

జీపు ఎల్బీనగర్ చౌరస్తా దాటింది. రోడ్డు మధ్యలో సమ్మెవాళ్ల వంటావార్పు నిరసన జరుగుతోంది, పొయ్యిల మధ్య నుంచి దారి చేసుకుని పోవాల్సి వచ్చింది. జోగారావు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. మూర్తి చేత నేరం ఒప్పించినా ఫర్వాలేదని, పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని ధైర్యం చెప్పాడు.

“పోలీసుకు చెప్తే చెల్లదు,” అన్నది సుచిత్ర. “షావుకారుకు బాకీ ఒప్పుకుని పత్రం రాసిస్తే?”

ఆయన డ్రైవర్‌ను త్వరగా పొమ్మన్నాడు.

ఠాణా ముందు ధర్నా లేదు. కుర్రాళ్లు జెండాలు చుట్టుకుని వెళ్లిపోతున్నారు. షావుకారు వచ్చి అంతా తేలిపోయిందని చెప్పి, మంచినీళ్లు పంచి, అందరికీ దండం పెట్టి పంపించాడని సెంట్రీ చెప్పాడు. సుచిత్ర దాదాపు పరుగెత్తింది.

గదిలో మూర్తి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. రెండు రోజుల గడ్డం, నలిగిన చొక్కా. ఆయన వెనక భార్య నాగేశ్వరి నిలబడి ఉంది. నిన్నటి నుంచి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంలో ఇప్పుడేదో తేరుకున్న కళ ఉంది. గుండయ్య మెడలోని ఉద్యమపు గులాబీ కండువాతో కళ్లు ఒత్తుకుంటూ, రెండో చేత్తో స్టాంపు కాగితం పట్టుకుని సిరా ఆరడానికి మెల్లగా ఊదుతున్నాడు.

“ఒచ్చినవా బిడ్డా,” అన్నాడు ఆప్యాయంగా. “అయిపోయింది తియ్యి. మనోడే గద, తప్పు ఎవరు చెయ్యరు? కేసు వాపస్ తీస్కుంటున్న.”

సుచిత్ర ఆయన వైపు చూడలేదు. మూర్తి ముందు వంగి, ఏం రాసిచ్చారని అడిగింది. ఆయన దాచుకోకుండా చెప్పాడు. దుకాణం చెక్కులు తానే మార్చుకున్నట్టు రాశాడు. బదులుగా వనస్థలిపురం ఇల్లు గుండయ్య పేర రిజిస్టరు చేస్తానన్నాడు. సాక్షిగా నాగేశ్వరి సంతకం చేసింది. రాత్రికి జనం ఇంటి మీదికి వస్తారని, ఆడపిల్ల ఒక్కతే ఉందని, ఇది రాసిస్తే అందరినీ తాను ఆపుతానని షావుకారు చెప్పాడట.

“చెయ్యని తప్పు ఎందుకు ఒప్పుకున్నరు సార్? నేను సాయంత్రం వస్తానన్న కదా. నా కోసం జర ఆగకూడదా?”

మూర్తి తల ఎత్తి ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అది ఉన్నా ఆమె తట్టుకునేది.

“మీ మాట మీదే పెట్టానమ్మా సంతకం. విచారణంతా చేసి నేనే దొంగనని మీరు తేల్చేశారని గుండయ్యగారు చెప్పారు. విచారణ చేసి తేల్చింది మీరేనని కాగితంలో మీ పేరు కూడా రాయించారు. మీరూ అదే అన్నాక, నా మాట ఇంకెవరు నమ్ముతారులే అనుకున్నాను.”

గుండయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దోపుకున్నాడు.